ఆక్టినోమైసిన్ డి, 5 మి.గ్రా. వయల్: మూడున్నర స్టార్లు

లివర్ కణాల మీద హార్మోన్ల పని చూసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కొనక తప్పని సరుకు ఇది, కణంలో కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేసే మందు. ఒకటిన్నర స్టార్ ఎందుకు కోశానంటే, సరుకు నాసిరకమని కాదు, జనం దీన్నుంచి రాబట్టాలనుకునే జవాబు ఒక్కోసారి ఇది ఇవ్వలేదు, పైగా ఇచ్చినట్టే కనిపిస్తుంది.

గ్లూకగాన్ అనే హార్మోన్ పెరిగితే లివర్‌లో గ్లూకోజ్ తయారీకి కావలసిన పెప్‌సీకే ఎంజైమ్ పెరుగుతుంది, అది పాఠాల్లో ఉన్నదే. కానీ దాని ఎంఆర్‌ఎన్‌ఏ (ఆ ఎంజైమ్ తయారీకి జన్యువు నుంచి తీసిన నకలు) కొత్తగా ఎక్కువ తయారైందా, ఉన్నదే చెడిపోకుండా ఎక్కువసేపు నిలిచిందా? మొత్తం ఎంత ఉందో కొలిస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కుళాయి కట్టేసి తొట్టిలో నీళ్లు ఎంతసేపటికి దిగుతాయో చూస్తే తప్ప తేలదు. ఈ మందు డీఎన్‌ఏలోకి దూరి ఆర్‌ఎన్‌ఏని తయారుచేసే పాలిమరేజ్ ఎంజైమ్‌ని ముందుకు కదలనివ్వదు, అంటే కుళాయి కట్టినట్టే. పెప్‌సీకే ఎంఆర్‌ఎన్‌ఏ హాఫ్ లైఫ్ (సగం చెడిపోవడానికి పట్టే సమయం) సుమారు అరగంటే కాబట్టి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికల్లా శాంపిల్స్ అన్నీ చేతికొస్తాయి. గ్లూకగాన్ తరఫున కణం లోపల పనిచేసే సైక్లిక్ ఏఎంపీ ఈ ఎంఆర్‌ఎన్‌ఏని చెడిపోకుండా నిలబెడుతుందని హాడ్, హాన్సన్ 1988లోనే చూపించారు. ఇలాంటి తక్కువ ఆయుష్షున్న ఎంఆర్‌ఎన్‌ఏలకి ఈ వయల్‌కి వంక పెట్టను.

వయల్ తెరవగానే కంగారు పడొద్దు, ఖాళీగానే ఉన్నట్టుంటుంది. అడుగున, గోడకి అంటుకుని నారింజ-ఎరుపు పొర ఒకటి కనబడుతుంది, అదే ఐదు మిల్లీగ్రాములు. తూకం వేసే ప్రయత్నం చేయకండి, విషం. గ్లవ్స్ వేసుకుని హుడ్ లోపల నేరుగా ఆ వయల్లోనే డీఎంఎస్‌ఓ అనే ద్రావకం పోసి కరిగించి, చిన్న చిన్న భాగాలు చేసి, ఫాయిల్ చుట్టి మైనస్ 20లో పెట్టుకోండి. పలుచన చేశాక వెలుతురుకి తొందరగా పాడవుతుంది, ప్లాస్టిక్‌కీ గాజుకీ అంటుకుంటుంది కూడా, కాబట్టి మీడియంలో (కణాలని పెంచే ద్రవంలో) కలిపింది రేపటికి దాచుకోవడం దండగ. మామూలుగా మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాములు వాడతారు, ఆ లెక్కన ఒక వయల్ లీటరు మీడియంకి వస్తుంది, అంటే ఆరు గుంటల ప్లేట్లు 80 దాకా. ఖరీదు చూసి గుండె ఝల్లుమన్నా ఈ లెక్క వేసుకుంటే కాస్త ఊరట. అలాగని పొదుపు కోసం డోసు మరీ తగ్గించకండి, బాగా తక్కువైతే రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగుతుంది గానీ మనకి కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగదు. (డాక్టినోమైసిన్ పేరుతో పిల్లల కిడ్నీ క్యాన్సర్‌కి వాడే ఇంజెక్షన్ కూడా ఈ మందే. అందులో మానిటాల్ కలుస్తుంది, ప్రయోగాలకి అది నాకు నచ్చదు.)

ఇక అసలు గొడవ. హార్మోన్ చాలాసార్లు నేరుగా ఎంఆర్‌ఎన్‌ఏని పట్టుకోదు, ముందు ఇంకో ప్రొటీన్‌ని తయారు చేయిస్తుంది, ఎంఆర్‌ఎన్‌ఏకి కాపలా కాసేది ఆ ప్రొటీన్. మందు ముందు వేసి హార్మోన్ తర్వాత వేస్తే ఆ కాపలా ప్రొటీనే పుట్టదు, "హార్మోన్‌తో తేడా లేదు" అని రాసేసుకుంటాం. అందుకే హార్మోన్ ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగి, తర్వాతే దీన్ని వేయాలి. 1960ల్లో ఎలుక లివర్ ట్యూమర్ కణాలతో పనిచేసిన గోర్డన్ టామ్‌కిన్స్ బృందానికి ఇంకో వింత ఎదురైంది: స్టెరాయిడ్‌తో పెంచిన టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్, ఆక్టినోమైసిన్ వేశాక తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. ఎంఆర్‌ఎన్‌ఏని అణిచే ఏదో రిప్రెసర్ ఆగిపోయిందని వాళ్లన్నారు, కాదు, ఎంజైమ్ విరగడమే నెమ్మదించిందని 1968లో రీల్, కెన్నీ అన్నారు. ఎవరి పక్షం తీసుకున్నా ఈ మందు కుళాయి ఒక్కటే కట్టి ఊరుకోదని మాత్రం అప్పుడే తేలిపోయింది.

ఎక్కువ ఆయుష్షున్నవాటికైతే అసలు వాడకండి. జెనోపస్ కప్ప లివర్‌లో విటెల్లోజెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ హాఫ్ లైఫ్ ఈస్ట్రోజెన్ ఉంటే దాదాపు 500 గంటలు, తీసేస్తే 16 గంటలు, మళ్లీ ఇస్తే మళ్లీ నిలబడుతుంది. ఇది ఎంజైమ్ కాదు, గుడ్డు పచ్చసొన ప్రొటీన్‌కి మూలం, కానీ హార్మోన్ చేతిలో ఎంఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు ఎంత మారుతుందో చెప్పడానికి దీన్ని మించిన కేసు నాకు తెలీదు. 500 గంటలు కొలిచేదాకా ఆక్టినోమైసిన్‌లో ఏ కణం బతికి ఉంటుంది? ఆరేడు గంటలు దాటిన పాయింట్లని నేను నమ్మను.

ఆర్‌ఎన్‌ఏ తీశాక కొలవడానికి దాన్ని డీఎన్‌ఏ నకలుగా (సీడీఎన్‌ఏగా) మార్చేటప్పుడు, ఎంఆర్‌ఎన్‌ఏ చివరనుండే పాలీ ఏ తోకని పట్టుకునే ఒలిగో డీటీ కాకుండా, ఎక్కడైనా అతుక్కునే ర్యాండమ్ ప్రైమర్లు వాడండి. పాలీ ఏ తోక పొట్టిదైతే చాలు, ఎంఆర్‌ఎన్‌ఏ ఇంకా ఉన్నా ఒలిగో డీటీ లేనట్టు చూపిస్తుంది, పైగా పోల్చుకోవడానికి తీసుకునే 18ఎస్ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏకి ఆ తోకే ఉండదు.

బడ్జెట్ ఉన్నవాళ్లు 4-థయోయూరిడిన్ లేబులింగ్ వైపు వెళ్లండి, తయారీని ఆపకుండానే పాత ఆర్‌ఎన్‌ఏనీ కొత్తదాన్నీ వేరు చేస్తుంది. అంత లేనివాళ్లు, చూసేది అరగంట నుంచి రెండు మూడు గంటల హాఫ్ లైఫ్ అయితే, ఈ వయల్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మొదటి ఆర్డర్ 1 మి.గ్రా. పెట్టుకోండి, కణాలు తట్టుకుంటాయో లేదో చూశాక పెద్దది.