మైగ్రేన్‌కి ఏది మేలు: వచ్చినప్పుడు మాత్రా, రాకుండా రోజూ మందా?

మైగ్రేన్ ఉన్న ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే రెండు రకాల మాత్రలు కనిపిస్తాయి. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేవి, వచ్చినా రాకపోయినా రోజూ వేసుకునేవి. ఏది మేలని అడిగితే ముందు గోడ మీది క్యాలెండర్ చూడమంటాను. తల నొచ్చిన రోజుల మీద పెన్సిల్‌తో సున్నా చుట్టండి. నెలకి రెండో మూడో ఉండి, మాత్రతో లొంగుతుంటే మొదటి రకం చాలు. నాలుగు దాటుతుంటే, లేదా వచ్చిన ప్రతిసారీ రోజంతా మంచానికే అతుక్కుపోతుంటే, రెండో రకం గురించి డాక్టర్‌ని అడగాల్సిందే.

మొదటి రకంలోనూ తేడాలున్నాయి. పారాసెటమాల్ చవక, మెత్తటి మందు; కొద్దిపాటి నొప్పికి పనికొస్తుంది. నాప్రోక్సెన్ అంతకంటే గట్టిది. ఏదైనా తిని వేసుకోవాలి, అల్సర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు జోలికి పోకూడదు. సుమట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటివి మైగ్రేన్ కోసమే తయారైన మందులు. అవి రక్తనాళాలు కుంచించుకుపోయేలా చేస్తాయి కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, పక్షవాతం వచ్చినవాళ్లకీ, బీపీ అదుపులో లేనివాళ్లకీ ఇవ్వరు. అలాంటి అడ్డంకులేవీ లేకుండా, నాప్రోక్సెన్‌కి లొంగని నొప్పి వస్తుంటే నా ఓటు ట్రిప్టాన్‌కే.

ఏ మాత్ర అన్నదానికంటే ఎప్పుడు వేసుకున్నామన్నది ముఖ్యం. చెన్నై అంబత్తూరులో ఉండే మా వదినకి శనివారం ఒంటిపొద్దు. మధ్యాహ్నం నాలుగింటికి కుడి కణత దగ్గర మొదలవుతుంది. అమృతాంజనం రాసుకుని, తువ్వాలు బిగించి కట్టుకుని, పొయ్యి దగ్గర పని కానిస్తుంది. మాత్ర వేసుకోమంటే, "ఊరికే మాత్రలు మింగితే ఎలాగే? చూద్దాం, తగ్గుతుందేమో" అంటుంది. చీకటి పడేసరికి వాంతి, ఆ తర్వాత మాత్ర. మైగ్రేన్ ముదిరేసరికి కడుపు మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. నాప్రోక్సెన్‌తో పాటు, కడుపుని కదిలించే డోంపెరిడోన్ కలిపి రాసేది ఇందుకే. నొప్పి ఇంకా లేతగా ఉన్నప్పుడే, సరిపడా మోతాదులో ఒక్కసారి వేసుకోవడం మేలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టి, తర్వాత మద్రాసుకి తెచ్చిన అమృతాంజనం మీద మన తెలుగువాళ్లకి మమకారం ఉండటం సహజమే. నుదుటికి చల్లగా, హాయిగా ఉంటుంది. మైగ్రేన్‌ని ఆపడం దానివల్ల కాదు.

వదిన భయంలో సగం నిజముంది. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ అనే పాత మైగ్రేన్ మందు, కలగలుపు మాత్రలు నెలకి 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే మందువల్లే తలనొప్పి మొదలవ్వొచ్చు. అందుకే అన్నిటికంటే నాసిరకం ఎంపిక మందుల షాపులో చీటీ లేకుండా దొరికేది. తలనొప్పి అనగానే స్ట్రిప్పులోంచి నాలుగు కత్తిరించి కాగితం కవర్లో పడేస్తారే, అది. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు అలాగే అలవాటవుతాయి. ఎర్గోటమిన్ వేసుకున్న 24 గంటల లోపు ట్రిప్టాన్ వేసుకోకూడదన్న సంగతి ఆ కవరు మీద రాసి ఉండదు. పైగా పూటకో ఫిల్టర్ కాఫీ తాగే ఊరు. కెఫీన్ లెక్క ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక రోజూ వేసుకునేవి. ఇక్కడ ఏది మేలన్నది మనిషిని బట్టే. ప్రొప్రనోలాల్ బీపీ కూడా ఉన్నవాళ్లకి రెండు విధాలా ఉపయోగం, ఆస్తమా ఉంటే మాత్రం వద్దు. వదినకి ఆయాసం ఉంది కాబట్టి అది మొదట్లోనే పోయింది. నిద్ర సరిగ్గా పట్టనివాళ్లకి రాత్రిపూట చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ బాగా నప్పుతుంది. నోరు ఎండుతుంది, పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా రాసే ఫ్లూనరిజిన్‌తో బరువు పెరగొచ్చు, మనసు దిగాలుపడొచ్చు. లోగడ డిప్రెషన్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. టోపిరమేట్ బరువు పెంచదు సరికదా తగ్గిస్తుంది. అందుకని చాలామంది దాన్నే అడుగుతారు. వేళ్లు తిమ్మిరెక్కడం, మాట నాలుక చివర ఆగిపోవడం, కిడ్నీలో రాళ్లు దాని లోపాలు. అది చెమట పట్టడాన్నీ తగ్గించగలదు. మే నెల చెన్నైలో ఎండన తిరిగే ఉద్యోగమైతే ఇది చిన్న విషయం కాదు. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లకి అదీ, ఇదే పనికి వాడే వాల్ప్రొయేటూ తగవు.

వీటిలో ఏదైనా రెండు మూడు నెలలు వాడితేనే తీర్పు చెప్పగలం. పదిహేను రోజులకే మానేసి పని చేయలేదనడం అన్యాయం. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు గెలిచినట్టే. మైగ్రేన్ నొప్పిలో పాలుపంచుకునే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే, నెలకోసారి వేసుకునే ఇంజెక్షన్లకి అమెరికాలో 2018లో మొదటిసారి అనుమతి వచ్చింది. బాగా పనిచేస్తాయి, ధర ఎక్కువ. చవక మందులు రెండు మూడు చూశాకే వాటి ఊసు.

మందు అవసరం లేని మార్గం వదిన విషయంలో ఎదురుగానే ఉంది. ఒంటిపొద్దు మానక్కర్లేదు, మధ్యాహ్నం పాలూ పండూ తీసుకుంటే చాలు. తలంటుకుని తడిజుట్టుతో ఉంటే కొందరికి నొప్పి మొదలవడాన్ని మన దేశపు వైద్యులు పత్రికల్లో రాశారు కూడా. అలాంటివాళ్లు జుట్టు వెంటనే ఆరబెట్టుకోవాలి.

నొప్పికి ముందు కళ్ల ముందు వంకరటింకర మెరుపులు కనిపించే ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఎన్నడూ ఎరగనంత నొప్పి క్షణాల్లో వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెయ్యీ కాలూ పడిపోయినా ఏ మాత్రా వెతకొద్దు. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. యాభై దాటాక మొదటిసారి వచ్చిన కొత్తరకం తలనొప్పిని కూడా మైగ్రేన్ అని మనంతట మనమే తేల్చుకోకూడదు. చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. క్యాలెండర్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.