తాడిపత్రిలో ఒక్క పూటే ఉంటే: బుగ్గ రామలింగేశ్వరుడా, చింతల వెంకటరమణుడా?

తాడిపత్రి అనగానే బయటివాళ్లకు నల్లబండలు, సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. మా ఊరి అసలు ఆస్తి మాత్రం ఈ రెండు గుళ్లే. రెండూ విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినవి.

బుగ్గ రామలింగేశ్వరాలయం పెన్న ఒడ్డునే ఉంది. లింగం దగ్గర ఎప్పుడూ నీటి ఊట ఉంటుంది కాబట్టే బుగ్గ అన్న పేరు. భక్తులకు అదే ముఖ్యం. నన్నడిగితే, ముందు చూడాల్సింది పూర్తికాని గోపురాలను. మామూలుగా గోపురం కింది భాగం కాస్త సాదాగా ఉండి, పైన ఇటుక, సున్నం బొమ్మలు నిండుగా ఉంటాయి. ఇక్కడ పైఅంతస్తులే లేవు, కానీ కింది రాతి భాగంలో అరచేయి పెట్టేంత ఖాళీ కూడా దొరకదు. తీగలు, చిన్న చిన్న గూళ్లు, వాటిలో బొమ్మలు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో వరుసకే బోలెడు టైం పడుతుంది.

చింతల వెంకటరమణస్వామి గుడి ఊళ్లో ఉంది, తర్వాతి తరం కట్టడం. పిల్లలతో వచ్చేవాళ్లకు ఇదే సుఖం. రాతి రథంలా చెక్కిన గరుడ మండపాన్ని చూడగానే పిల్లలు చక్రాల దగ్గరికే పరిగెడతారు. గోడల మీద రామాయణ ఘట్టాలున్నాయి, కథ చెబుతూ తిప్పొచ్చు.

శిల్పం కోసమే వచ్చేవాళ్లయితే బుగ్గ గుడికే నా ఓటు. ఏటవాలు ఎండలో చెక్కడాలు బాగా తేలతాయి, అందుకే పొద్దున్నే వెళ్లండి.