మొసలి బుడిపెలు: మొహానికి చాలా, ఒళ్లంతా ఉండాలా?

మొసలి ఫోటో దొరికితే జూమ్ చేసి దవడ అంచు చూడండి. పళ్ల వరస వెంబడి నల్లటి చుక్కలు, గీసిన గడ్డం మర్నాటికి మొలిచినట్టు కనిపిస్తాయి. అవి మచ్చలు కావు. నీళ్లలో చిన్న కదలికను కూడా పసిగట్టే బుడిపెలు.

మొసలి లాంటిదే అయిన అమెరికా అలిగేటర్‌కీ, దాని చుట్టాలైన కైమాన్‌లకీ ఇవి తల మీదే ఉంటాయి. మన మంజీరలో ఉండే మగ్గర్ లాంటి మొసళ్లకీ, చంబల్ నదిలో ఉండే సన్నమూతి ఘరియల్‌కీ మాత్రం ఒంటి మీది పొలుసుల్లో కూడా దాదాపు ప్రతిదానికీ ఉంటాయి. తోలు గురించి తెలిసినవాళ్లు పొలుసు మీద ఈ చుక్కను చూసే బ్యాగు మొసలిదో అలిగేటర్‌దో చెప్పేస్తారు. అలిగేటర్‌కి ఇవి సుమారు 4,000, నైలు మొసలికి సుమారు 9,000.

మరి రెట్టింపు ఉన్నదే మేలా? వేట వరకూ అయితే నా ఓటు అలిగేటర్‌కే. 2002లో డాఫ్నీ సోరెస్ అనే శాస్త్రవేత్త చీకట్లో, సగం మునిగి ఉన్న అలిగేటర్లను పరీక్షించారు. ఒక్క నీటిచుక్క పడితే చాలు, అవి అటు తిరిగేవి. బుడిపెల మీద ప్లాస్టిక్ పూత వేశాక ఆ చుక్కను పట్టించుకోనేలేదు. అంటే తల మీద ఉన్నవాటితోనే పని జరిగిపోతోంది.

2012లో లీచ్, కటానియా చేసిన పరిశోధనలో ఇవి మన వేలికొసల కన్నా సున్నితమని తేలింది. అన్నిటికన్నా ఒత్తుగా ఉండేది పళ్ల దగ్గరే. ఎముకలు నుజ్జు చేసే ఆ దవడలతోనే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని నీళ్లలోకి చేరుస్తుంది. నోట్లో ఉన్నది చేపో పిల్లో తెలియకపోతే కష్టం కదా!

ఇక ఒంటి మీదివి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పడానికేమో అని ఒకప్పుడు అనుకున్నారు. 2013లో డి-పోయ్, మిలింకోవిచ్ పరీక్షించి చూస్తే ఈ బుడిపెలు ఒత్తిడికీ, వేడికీ, ఆమ్లత్వంలో మార్పుకీ స్పందించాయి గానీ ఉప్పుకి కాదు. వెనకనుంచి వచ్చే అలను తోక దగ్గరే పట్టేస్తాయేమో అని నాకో ఊహ. తేలాలంటే మగ్గర్ తల వదిలేసి, ఒంటికి మాత్రమే ఆ ప్లాస్టిక్ పూత వేసి చూడాలి.