మీసమా, బంపరా? తగిలి తప్పుకునే రోబోట్‌కి ఏది మేలు?

"అడ్డం తగిలితే పక్కకు తిరిగి పోయే రోబోట్ చేస్తున్నాను. ముందువైపు మైక్రోస్విచ్‌లు (లివర్ కాస్త నొక్కగానే టక్కుమనే చిన్న స్విచ్‌లు) పెట్టాలా, తీగ మీసాలు పెట్టాలా?" అటూ ఇటుగా ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నేను రెండు రకాలూ కట్టాను. మూడో రోబోట్ మొన్ననే పూర్తయింది. దానికి ఏది పెట్టానో, ఎందుకు పెట్టానో చెబితే ఇద్దరు ముగ్గురికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఆర్డుయినో (రోబోట్‌కి మెదడులా పనిచేసే చిన్న బోర్డు), మోటార్ డ్రైవర్ (మోటార్లకు కరెంటు అందించే బోర్డు), రెండు చక్రాలు, ఒక క్యాస్టర్ (ఎటైనా తిరిగే చిన్న చక్రం) మీకు కొత్త కాదనుకుని నేరుగా విషయానికి వస్తాను.

ముందు ఒక మాట. కొత్తవాళ్లు చాలామంది టచ్ సెన్సర్ అనగానే టీటీపీ223 చిప్ ఉన్న చిన్న బోర్డు కొనేస్తారు. అది మన వేలిని గుర్తుపట్టడానికి చేసింది. ఎండు చెక్కకో గోడకో తగిలితే దానికి చలనం ఉండదు. ఈ పనికి దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక అసలు పోటీ. మీసం అంటే సన్నని ఉక్కు తీగ. గిటార్ తీగ బాగా పనికొస్తుంది. తీగ మొదలును ఛాసిస్‌కి (రోబోట్ చట్రానికి) బిగించి, తీగను ఒక లోహపు రింగు మధ్యలోంచి ముందుకు పోనిస్తాం. ఏదైనా తగిలి తీగ ఒంగితే రింగును తాకుతుంది, సర్క్యూట్ కలుస్తుంది. బంపర్ అంటే రోబోట్ వెడల్పంతా ఉండే ఒక పట్టీ, దాని వెనక ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి మైక్రోస్విచ్‌లు. ఆర్డుయినోకి మాత్రం రెండూ ఒకటే. వైపుకొక పిన్, లోపలి పుల్అప్ (ఏ కనెక్షనూ లేనప్పుడు పిన్‌లో వోల్టేజి ఉండేలా చూసేది) ఆన్ చేస్తే చాలు. ఖర్చులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. తగిలిన క్షణం నుంచి పూర్తిగా ఆగే వరకు రోబోట్ ఎంత దూరం పోతుంది? ఆ దూరాన్ని సెన్సర్ ఓర్చుకుంటుందా?

లెక్క వేసి చూడండి. 65 మి.మీ. చక్రం ఒక్క చుట్టు తిరిగితే 20 సెం.మీ. పైచిలుకు పోతుంది. నిమిషానికి 150 చుట్లు తిరిగితే సెకనుకు రెండున్నర చుట్లు, అంటే దాదాపు 50 సెం.మీ. మీ కోడ్‌లో పదే పదే నడిచే లూప్‌లో ఎక్కడైనా 100 మిల్లీసెకన్ల డిలే (ఆగమనే ఆదేశం) ఉంటే, అది అయ్యేలోపు రోబోట్ 5 సెం.మీ. కళ్లు మూసుకుని నడిచినట్టే. ఆ తర్వాత మోటార్ ఆపమన్నా బరువు ఊరుకోదు, ఇంకాస్త జారుతుంది. మైక్రోస్విచ్ లివర్ నొక్కుకునేది మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. మిగతా దూరమంతా ఎక్కడికి పోవాలి?

నా మొదటి రోబోట్‌లో ఆ దూరం స్విచ్ మీదికే పోయింది. రెండు మైక్రోస్విచ్‌లను ముందు మూలల్లో నేరుగా స్క్రూలతో బిగించాను. మొదటి రోజు టక్కుమని శబ్దం వచ్చినప్పుడల్లా వెనక్కి తగ్గి తిరుగుతుంటే చాలా సంతోషమేసింది. మూడో రోజుకి ఎడమ లివర్ వంగి, స్విచ్ పెట్టెకు అతుక్కుపోయినట్టు ఉండిపోయింది. ఇంకోసారి కుర్చీ కాలు సరిగ్గా రెండు స్విచ్‌ల మధ్యకి వచ్చింది. ఏ లివరూ నొక్కుకోలేదు. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి, చెయ్యి పెట్టి చూస్తే మోటార్లు కాలిపోతున్నాయి.

అందుకే రెండో రోబోట్‌కి మీసాలు పెట్టాను. మీసానికి ఉన్న అసలు బలం ఇదే: 10 సెం.మీ. ముందుగానే కబురు చెబుతుంది, తర్వాత ఎంత తోసినా ఒంగుతుంది తప్ప విరగదు. రోబోట్ జారినా నష్టం లేదు. ఈ ఒక్క గుణం చూసి చాలామంది మీసానికే ఓటేస్తారు, ఆ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను.

వాడుతూ పోతే మాత్రం చికాకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రోబోట్ కదలడం మొదలుపెట్టగానే తీగ కొస వణుకుతుంది. రింగుకీ తీగకీ మధ్య ఖాళీ తక్కువైతే ఆ వణుకుకే తగిలినట్టు చూపిస్తుంది, ఎక్కువైతే మెల్లగా తగిలినప్పుడు తెలియదు. 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూసుకుంటే వణుకు సమస్య పోతుంది. ఆ ఆలస్యానికి అయ్యేది ఒక్క సెంటీమీటరు, మీసం దాన్ని భరించగలదు. తీగ నిటారుగా ముందుకు ఉంటే ఇంకో తంటా. గోడకు ఎదురుగా వెళ్లినప్పుడు కొస మీద నేరుగా ఒత్తిడి పడుతుంది, తీగ పక్కకు ఒంగక రింగును తాకదు. అందుకే కొసలను బయటివైపుకి విల్లులా వంచాలి. అలా వంచిన కొస పరదాకో కింద పడున్న వైరుకో తగులుకుంటే, వెనక్కి వచ్చేటప్పుడు దాన్నీ లాక్కొస్తుంది. వారం వాడేసరికి తీగ ఆకారం మారుతుంది, రింగు మధ్యలో ఉండాల్సింది ఒక అంచుకు చేరుతుంది. తాకే చోట లోహం మసకబారితే ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. ప్రతిసారీ ఆడించే ముందు మీసాలు సవరించాల్సి రావడం నాకు విసుగు తెప్పించింది.

మూడోసారి మళ్లీ బంపర్‌కే వచ్చాను, ఈసారి స్విచ్‌ను తిరగేసి పెట్టాను. నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలుగా ఢీకొన్నప్పుడు స్విచ్ నొక్కుకునేలా పెడతాం. దానికి బదులు, ఏమీ తగలనప్పుడు స్విచ్ నొక్కుకుని ఉండేలా, తగిలినప్పుడు వదులయ్యేలా పెట్టండి. తేలికపాటి ప్లాస్టిక్ పట్టీకి వెనక రెండు చేతులు, ఆ చేతుల్లో పొడవాటి గాడులు (సన్నటి చీలికల్లాంటి రంధ్రాలు). ఆ గాడుల్లోంచి ఛాసిస్‌కి బోల్టులు వదులుగా బిగిస్తే పట్టీ ముందుకూ వెనక్కీ 2 సెం.మీ. జారుతుంది. అటొకటి ఇటొకటి రబ్బరు బ్యాండ్‌లు దాన్ని ముందుకు లాగి ఉంచుతాయి. చేతి చివర ఉన్న చిన్న మడత, తనకు ముందువైపున బిగించిన స్విచ్ లివర్ మీదికి వచ్చి నొక్కుతుంది. గోడ తగలగానే పట్టీ వెనక్కి పోతుంది, మడత లివర్‌ను వదిలేస్తుంది, టక్. ఆ తర్వాత పట్టీ ఇంకో సెంటీమీటరున్నర వెనక్కి వెళ్లినా స్విచ్‌కి ఏ సంబంధమూ లేదు. దెబ్బంతా ఛాసిస్ ముందు అంటించిన ఫోమ్ ముక్క మీద పడుతుంది. ఎడమవైపు తగిలితే పట్టీ ఒరిగి ఎడమ స్విచ్ ముందు వదులవుతుంది, మధ్యలో తగిలితే రెండూ వదులవుతాయి. ఆ కుర్చీ కాలు ఇక తప్పించుకోలేదు.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. స్విచ్ కామన్ కాలును గ్రౌండ్‌కి, ఎన్‌ఓ కాలును (నొక్కితేనే కామన్‌తో కలిసేది) పిన్‌కి కలిపితే, నొక్కుకుని ఉన్నంతసేపు పిన్ 'లో' (వోల్టేజి లేనట్టు), వదులైతే 'హై' (వోల్టేజి ఉన్నట్టు). వైరు ఊడినా హై, రబ్బరు బ్యాండ్ తెగినా హై. అంటే వీటిలో ఏది పాడైనా రోబోట్ "ఏదో తగిలింది" అనుకుని వెనక్కి తగ్గుతుంది తప్ప గోడను గుద్దుతూ ఉండదు. మీసంలో వైరు ఊడితే దారంతా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

పట్టీ మాత్రం బరువుగా ఉండకూడదు. బరువైతే రోబోట్ ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు పట్టీ వెనకబడి, ఏమీ తగలకుండానే తగిలినట్టు చెబుతుంది. పీడబ్ల్యూఎం (మోటార్ వేగాన్ని నియంత్రించే సిగ్నల్) నెమ్మదిగా పెంచుకుంటూ పోతే ఆ బాధ ఉండదు.

ఈ పద్ధతికి చరిత్ర కూడా తోడుంది. 1948-49లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త చేసిన ఎల్మర్, ఎల్సీ అనే తాబేలు రోబోట్‌లలో పైడిప్పే సెన్సర్. డిప్పను వేలాడదీసి, ఏ వైపు నుంచి తగిలి కదిలినా ఒక కాంటాక్ట్ కలిసేలా పెట్టాడు. 2002లో వచ్చిన రూంబా అనే ఇల్లు ఊడ్చే రోబోట్ ముందు సగమంతా ఉన్నదీ కదిలే బంపరే. ఒళ్లంతా స్పర్శ ఉండాలన్న ఆలోచన మొదటి నుంచీ ఉంది.

కోడ్‌లో స్విచ్ బౌన్స్ (స్విచ్ మారేటప్పుడు క్షణకాలం కలుస్తూ విడిపోతూ ఉండటం) గురించి చాలామంది అతిగా భయపడతారు. బంపర్‌కి ఆ భయం అవసరం లేదు. మొదటి మార్పు చూడగానే ఆపి వెనక్కి తిప్పేస్తాం, ఆ కొన్ని మిల్లీసెకన్ల బౌన్స్‌ను చూసేవాళ్లే ఉండరు. శ్రద్ధ పెట్టాల్సింది ఆపడం మీద. ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్‌లో ఎనేబుల్ పిన్‌ను 'లో' చేస్తే మోటార్ జారుతూ పోతుంది. ఎనేబుల్‌ను హైలోనే ఉంచి రెండు ఇన్‌పుట్‌లనూ ఒకే స్థాయికి తెస్తే బ్రేక్ పడుతుంది. డిలే తీసేసి మిల్లిస్‌తో (ఆర్డుయినో మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్) సమయం చూసుకోండి. తిరిగే కోణం ప్రతిసారీ ఒకటే ఉంటే మూలలో ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ ఇరుక్కుపోతుంది. వరసగా నాలుగుసార్లు వైపులు మారితే వెనక్కి పూర్తిగా తిరగమనండి.

శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడితే సరిపోదా అంటారా? ఆ రకానికి చెందిన హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మంచిదే, కానీ ఏటవాలు గోడ మీద శబ్దం పక్కకు జారిపోతుంది, మెత్తటి గుడ్డ దాన్ని మింగేస్తుంది, 2 సెం.మీ. లోపల దాని మాట నమ్మలేం. తోడుగా పెట్టుకోండి, బంపర్‌కి బదులుగా వద్దు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌ను నల్లటి వస్తువు మోసం చేస్తుంది. మోటార్ కరెంటు పెరగడాన్ని బట్టి పట్టుకోవచ్చు గానీ అది ఆఖరి కాపలా.

మీసం ఎక్కడ మేలంటే, అరచేతిలో పట్టేంత రోబోట్‌కి. అక్కడ జారే పట్టీకి చోటు దొరకదు. గోడ పక్కనే ఆనుకుని నడిచే రోబోట్‌కి కూడా పక్కమీసమే సరైనది. కోడ్ లేకుండా చేయాలనుకుంటే, మూడు కాళ్ల మైక్రోస్విచ్‌ల లివర్లకే మీసాలు అంటించి, ఎడమ స్విచ్‌తో కుడి మోటార్‌ను, కుడి స్విచ్‌తో ఎడమ మోటార్‌ను వెనక్కి తిప్పే ఏర్పాటు ఉంది. అది పిల్లలతో చేయడానికి బాగుంటుంది.

ఏది కట్టినా ముందు ఒక కొలత తీసుకోండి. నేల మీద చాక్‌తో గీత గీయండి. ఉత్త స్విచ్ ఒకటి చేత్తో పట్టుకుని, రోబోట్ ముక్కు గీత దాటగానే నొక్కండి. ఎక్కడ ఆగిందో స్కేలుతో చూడండి. పదిసార్లు చేసి అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోండి. మీ చెయ్యి ఆలస్యం కూడా అందులో కలుస్తుంది కాబట్టి అసలు దూరం అంతకంటే తక్కువే. నాకు పూర్తి వేగంలో, బ్రేక్ లేకుండా 6 సెం.మీ. దాటింది. వేగం సగం చేసి బ్రేక్ వేశాక సెంటీమీటరున్నరకి వచ్చింది. బంపర్‌కి 2 సెం.మీ. గాడి కోసింది ఆ అంకె చూసే.