సింగిల్ క్రాస్ మొక్కజొన్న విత్తనం: కండె నిండింది, పొర చాల్లేదు

సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొనే రోజులు నాకు ఎప్పుడో పోయాయి. అందుకే ఈసారి చేనులో ముప్పావు వంతు ఈ సింగిల్ క్రాస్ హైబ్రిడ్ (రెండు శుద్ధ వంశాల్ని కలిపి చేసిన మొదటి తరం మొక్కజొన్న విత్తనం) వేసి, మిగతా పావులో ఏటా దాచుకుని వేసే పాత కాంపోజిట్ రకమే (చాలా వంశాలు కలగలిసిన రకం) వేశాను. పక్కపక్కనే ఉంటే తేడా దాగదు కదా.

మొలక ఒకేలా వచ్చింది. పనితనం తెలిసింది పూతలో. సరిగ్గా జల్లు (మొక్క తల మీద వచ్చే మగ పూత, పుప్పొడి రాలేది దీన్నుంచే) వేసే సమయానికి 10 రోజులు వాన చినుకు లేదు. పాత రకంలో పుప్పొడి రాలిపోతున్నా దాన్ని అందుకునే కండె పీచు జాడ లేదు, అది వచ్చేసరికి వారం పట్టింది. హైబ్రిడ్‌లో రెండో రోజుకే పీచు కనిపించింది. ఒక్కో పీచుకి ఒక్కో గింజ, పుప్పొడి అందకపోతే ఆ చోటు ఖాళీయే. కోతకొచ్చాక చూస్తే పాత రకం కండెలు పళ్లూడిన నోళ్లలా ఉన్నాయి. హైబ్రిడ్ కండెలో 14 వరుసలు, కొన దాకా నిండుగా. (వరుసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, కావాలంటే లెక్కపెట్టి చూడండి.) మెక్సికోలోని మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్‌లో కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు 1970ల నుంచి ఎద్దడిలో జల్లుకీ పీచుకీ మధ్య ఎడం తక్కువున్న మొక్కల్నే ఏరుకుంటూ వచ్చారు. ఎందుకో నాకు ఆ 10 రోజుల్లో అర్థమైంది.

ఇక నా కోపం. హైబ్రిడ్ కండె కొన దగ్గర దాన్ని కప్పే ఆకు పొర మూసుకోదు. బొటనవేలి గోరంత మేర గింజలు బయటికే కనిపిస్తాయి. కండెలు ఎండే వారంలో ముసురు పట్టింది, నీళ్లు నేరుగా లోపలికి దిగి కొన గింజలకు లేత గులాబీ రంగు బూజు పట్టింది. నిల్వలో ముక్కపురుగు కూడా ముందు వీటిలోకే దూరింది. పాత రకానికి పొర కొన దాటి బిగుసుకుని ఉంటుంది, గింజ తక్కువైనా చెడలేదు. రకం తయారుచేసేవాళ్లు తూకం చూస్తున్నారు. ఆ గింజని నెలల తరబడి ఇంట్లో కాపాడుకోవాల్సింది మేము.

హైబ్రిడ్‌లో దాచిన గింజ మళ్లీ విత్తనానికి పనికిరాదని తెలిసే కొన్నాను. అయినా దోసెడు గింజలు తర్వాతి పంటలో రెండు సాళ్లు వేశాను. ఒక మొక్క నడుము దాకా, పక్కది తల దాటి! ఆ బలం మొదటి తరంతోనే సరి, అందులో మోసమేం లేదు. ఆ ముక్క సంచి మీద పెద్ద అక్షరాల్లో వేస్తే బాగుండేది.

5కి మూడున్నర. కోయగానే ఒలిచి అమ్మేసే గింజకి మళ్లీ ఇదే వేస్తాను. ఇంట్లో నిల్వకి మాత్రం ఆ పావు చేను పాత రకానిదే.