హోమ్‌లో ఉండాలా, ఇంటికి వెళ్లాలా?

వ్యభిచార ముఠా చేతిలోంచి బయటపడిన అమ్మాయి ముందున్న దారులు ముఖ్యంగా ఈ రెండే: రక్షణ గృహం (హోమ్), లేదా సొంతిల్లు. 18 ఏళ్ల లోపైతే నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది. మేజరైతే 1956 నాటి వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం కింద మేజిస్ట్రేట్‌ది.

ఖర్చు: హోమ్‌లో తిండి, బస ఉచితం. ఇంట్లో భారమంతా ఇంటివాళ్లదే. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఎక్కడున్నా అర్జీ పెట్టుకోవచ్చు.

పని: హోమ్‌లో శిక్షణ ఉంటుంది, కాకపోతే చాలాచోట్ల అదే పాత కుట్టుమిషను! ఇంటి దగ్గర పని ఎవరికి వారే వెతుక్కోవాలి.

ప్రమాదం: అసలు చూడాల్సింది ఇదే. అమ్మేసింది చాలాసార్లు తెలిసినవాళ్లే: ఓ బంధువో, పక్కింటి అక్కో, పెళ్లి చేసుకుంటానన్నవాడో. అదే వీధికి పంపితే కేసులో రాజీ పడమని వాళ్లే గుమ్మంలో తిష్ఠ వేస్తారు. అందుకే, అప్పగించే ముందు ఆ ఇంటివాళ్ల గురించి విచారణ చేయించే వీలు ఆ 1956 చట్టంలోని 17ఏ సెక్షన్ మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది. ఆ విచారణ ఫోన్లో కానిచ్చేస్తే దండగ. ఊరెళ్లి, అమ్మతో విడిగా మాట్లాడాలి.

హోమ్ కూడా స్వర్గమేం కాదు. గేటుకు తాళం, చేతిలో ఫోన్ ఉండదు. ఇష్టం లేకుండా హోముల్లో ఉంచిన మేజర్ల కేసులు పరిశీలించి, వాళ్లను విడుదల చేసేలా చూడమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

అమ్మినవాడు ఊళ్లోనే తిరుగుతుంటే, సాక్ష్యం ఇంకా చెప్పాల్సి ఉంటే హోమే నయం. ఇంట్లో ఒక్కరైనా గట్టిగా వెనక నిలబడి, ఆమె కూడా వెళ్తానంటే ఇల్లే మేలు. ఇల్లు వద్దు, హోమూ వద్దు అనే మేజర్‌కు వేరే ఊళ్లో వర్కింగ్ విమెన్స్ హాస్టల్, ఓ ఉద్యోగం చూడండి.