పాత ఫ్లాష్‌ను డిజిటల్ కెమెరాకు వాడాలంటే: నేరుగానా, అడాప్టరా, ట్రిగ్గరా, స్లేవా? ఏది మేలు?

వరంగల్, హన్మకొండ స్టూడియోల అల్మారాల్లో రీలు కెమెరాల కాలం నాటి ఫ్లాష్‌లు ఇంకా దొరుకుతాయి. వెలుగులో వాటికి లోటేమీ లేదు. వివిటార్ 283 గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె, దూరాన్ని ఎఫ్ నంబర్‌తో గుణిస్తే వచ్చేది) ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 36 మీటర్లు. అంటే నాలుగున్నర మీటర్ల దూరాన ఎఫ్/8. పెళ్లి మండపానికి ఇది చాలు. చిక్కంతా ట్రిగ్గర్ వోల్టేజీతోనే, అంటే ఫ్లాష్ నుంచి కెమెరా కాంటాక్టుల మీదికి వచ్చే వోల్టేజీతోనే.

పాత డిజైన్లలో ఫ్లాష్ లోపలి ట్రిగ్గర్ కెపాసిటర్‌ను కెమెరా కాంటాక్టులే నేరుగా డిశ్చార్జ్ చేయాలి. రీలు కెమెరాలో అవి లోహపు రేకులు, 200 వోల్టులను తట్టుకునేవి. డిజిటల్‌లో ఆ పని చేసేది చిన్న సెమీకండక్టర్ స్విచ్. అది కాలితే షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే గాడి) పనిచేయదు, లేదా షార్ట్ అయి ఫ్లాష్ ఆన్ చేయగానే దానంతటదే పేలుతుంది, అంటే మెరుస్తుంది. ఒక్కోసారి బోర్డుకే ఎసరు. ఒకటి రెండు సార్లు బాగానే పేలిందని ధైర్యపడొద్దు.

కాబట్టి ముందు కొలవాలి. కొత్త సెల్స్ వేసి, రెడీ లైట్ వెలిగాక ఇంకో అర నిమిషం ఆగండి, వోల్టేజీ ఇంకా పెరుగుతూ ఉంటుంది. డిజిటల్ మల్టీమీటర్‌ను 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబ్ ఫ్లాష్ అడుగున మధ్య పిన్నుకు, నల్లది పక్క కాంటాక్టుకు తాకించండి. రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తగిలితే ఫ్లాష్ పేలుతుంది, కళ్లు పక్కకు పెట్టుకోండి. ముల్లు మీటరు వద్దు, అది సర్క్యూట్ మీద భారం వేసి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మోడల్ పేరు చూసి నమ్మడమూ కుదరదు: పాత 283లు కొన్ని 200 వోల్టులు దాటుతాయి, తర్వాత వచ్చినవి 10 లోపే ఉంటాయి.

నేరుగా షూ మీద. 6 వోల్టుల లోపు, అదీ ప్లస్సులో వస్తే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మైనస్ చూపిస్తే ఎంత తక్కువైనా వద్దు. నికాన్ మాన్యువళ్లు 250 వోల్టుల దాకా ఒప్పుకుంటాయి. కానన్ తొలితరం 300డి, 10డిలకు చెప్పే హద్దు 6 వోల్టులే. ఫ్లాష్ కనెక్షన్లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10330లో ఉన్న అంకె 24. మీ బాడీకి ఏ అంకె ఉందో మాన్యువల్‌లో కనబడకపోతే 6నే హద్దుగా పెట్టుకోండి. 250 అని రాసి ఉన్నా 200 వోల్టుల ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన పెట్టమని మేం చెప్పం. ఫ్లాష్ ధర కంటే కెమెరా బోర్డు మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ. ఇంకో సంగతి: కానన్ 3000డి, 200డి 2 బాడీల షూలో అసలు మధ్య పిన్నే లేదు. వాటి మీద ఏ పాత ఫ్లాషూ, మామూలు ట్రిగ్గరూ పనిచేయదు.

వోల్టేజీ తగ్గించే అడాప్టర్. వైన్ సేఫ్ సింక్ లాంటివి 400 వోల్టులను 6 లోపుకు దించుతాయి. అయితే హాట్‌షూ అడాప్టర్ పేరుతో ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మేవాటిలో చాలావరకు ఉత్త తీగ కలిపినవే. ఫ్లాష్‌ను అడాప్టర్‌కు తగిలించి, అడాప్టర్ అడుగున మళ్లీ మీటరు పెట్టి చూడండి. అక్కడ 6 దాటితే కెమెరా దగ్గరికి తేవద్దు. అసలైనదైనా ఎత్తు పెరిగి, బరువు షూ మీద పడుతుంది. బరాత్‌లో పరుగెడుతూ తీసేవాళ్లకు ఇది పనికిరాదు.

రేడియో ట్రిగ్గర్. మా ఓటు దీనికే. ఫ్లాష్‌కు తగిలించిన రిసీవర్‌లోనే హై వోల్టేజీ ఆగిపోతుంది, కెమెరాకు తగిలేది రేడియో సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ ఒక్కటే. రిసీవర్‌కూ ఒక హద్దుంటుంది, అది కొనేముందే చూసుకోవాలి. చెడినా పోయేది రిసీవరే. కానీ ట్రాన్స్‌మిటర్ నెత్తి మీద ఇంకో షూ ఉంటే పాత ఫ్లాష్‌ను దాంట్లో పెట్టకండి, ఆ షూ నుంచి వోల్టేజీ నేరుగా కెమెరాలోకి దిగుతుంది. పక్క హాల్లో వేరే టీం అదే కంపెనీ ట్రిగ్గర్ వాడుతుంటే మీ ఫ్లాష్ వాళ్ల చేతికి పోతుంది, పని మొదలుకాకముందే చానెల్ మార్చండి. షట్టర్ కెమెరా సింక్ స్పీడు (ఫ్లాష్‌తో వాడదగ్గ గరిష్ఠ షట్టర్ వేగం) లోపే ఉండాలి, దాటితే ఫ్రేములో నల్లపట్టీ వస్తుంది.

ఆప్టికల్ స్లేవ్. ఇంకో ఫ్లాష్ మెరుపును చూసి తన ఫ్లాష్‌ను పేల్చే సెన్సార్ ఇది. తీగ లేదు, కెమెరాకు తాకదు, ధరా తక్కువే. బ్యాటరీ లేని చిన్న స్లేవ్‌లు ఫ్లాష్ ట్రిగ్గర్ వోల్టేజీతోనే నడుస్తాయి కాబట్టి పాత ఫ్లాషులకు బాగా కుదురుతాయి. స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలకు, వెనక తెరకు వెలుగు వేయడానికి ఇది చాలు. పెళ్లిలో మాత్రం తలంబ్రాలప్పుడు ఎవరి ఫ్లాష్ మెరిసినా మీదీ పేలి, అసలు క్షణానికి చార్జి ఉండదు. కెమెరా పాప్-అప్ ఫ్లాష్‌ను టీటీఎల్‌లో (వెలుగును కెమెరానే కొలుచుకునే ఆటో మోడ్) ఉంచితే, కొలత కోసం ముందుగా మెరిసే ప్రీ-ఫ్లాష్‌కే స్లేవ్ పేలిపోతుంది, మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను సాయంత్రం వెలుతురు ఉండగానే తీస్తుంటే, ఎండ తగిలే వైపు స్లేవ్‌కు సిగ్నల్ సరిగా అందదు.

కెమెరా మీదే పెట్టుకుని రోజూ పెళ్లిళ్లు తీసేవాళ్లు గోడాక్స్ టీటీ600 లాంటి కొత్త మాన్యువల్ ఫ్లాష్ కొనుక్కోవడం మేలు, పాతదాన్ని రేడియో రిసీవర్‌తో మండపం వెనక స్టాండు మీద నిలబెట్టండి. ఏళ్ల తరబడి మూలన పడున్న ఫ్లాష్ అయితే కొనగానే ఫుల్ పవర్‌లో పేల్చకండి. కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. సెల్స్ వేసి, రెడీ లైట్ వచ్చాక పావుగంట అలాగే ఉంచి, తక్కువ పవర్‌లో నాలుగైదు సార్లు పేల్చి, అప్పుడు మీటరు పెట్టండి. మూత తెరిచి లోపల చేయి మాత్రం పెట్టొద్దు, స్విచ్ ఆపినా మెయిన్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది.